అందరికీ మొదటి వరుస

మా దవాఖానలో చాయ్ ఇచ్చే ఆయమ్మ దాదాపు ఏడు నెలలపాటు రోజూ పొద్దున నా గదిలో ఒక డబ్బాను కొంగుతో తుడిచింది. గోడకు బిగించిన ఇనుప అరలో ఉండే నల్లటి డబ్బా అది. ముందువైపు ఇరవై నాలుగు రంధ్రాలు, వాటిలోకి దూరిన నీలం వైర్లు, మిణుకుమిణుకుమనే పచ్చ లైట్లు. చాయ్ గ్లాసు నా బల్ల మీద పెట్టి, అర తలుపు తీసి, ఒక్క వైరు కదలకుండా పైనా పక్కలా తుడిచేది. తుడిచాక తలుపు మూసి ఆ చేతిని కళ్లకద్దుకునేది. తన పెనిమిటి ప్రాణం నిలబెట్టింది ఆ డబ్బాయే అని ఆమె నమ్మకం. దాన్ని నడిపేది నేను కాబట్టి ఆ పుణ్యంలో నాకూ కొంత వాటా ఇచ్చింది.

జరిగింది వేరు. ఆమె అలా కళ్లకద్దుకున్న ప్రతిసారీ నేను కంప్యూటర్ తెర వైపు తిరిగి ఏదో టైప్ చేస్తున్నట్టు నటించేవాణ్ని. అందుకే ఇది రాస్తున్నాను.

నల్గొండలో ఆ ప్రైవేటు దవాఖానకు నేను కంప్యూటర్ల మనిషిని. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే నన్నే పిలుస్తారు, టీవీ రాకపోతే నన్నే పిలుస్తారు, ఒక్కోసారి ఫ్యాన్ తిరగకపోయినా నన్నే పిలుస్తారు. ఇవన్నీ చేసిపెట్టేవాణ్ని గానీ, నిజంగా నా చదువుకు తగ్గ పని అంటూ అక్కడ ఒక్కటే ఉండేది. మా దగ్గర తలకూ పొట్టకూ స్కాన్ తీసే యంత్రం ఉంది, ఆ స్కాన్ చదివి చెప్పే డాక్టరు మాత్రం లేడు. ఆయన హైదరాబాద్‌లో ఉంటాడు. ఇక్కడ తీసిన బొమ్మలు నెట్‌లో ఆయన దగ్గరికి పోవాలి, ఆయన చూసి ఫోన్ చేయాలి, అప్పుడు ఇక్కడ వైద్యం మొదలవుతుంది. ఆ బొమ్మలు దారిలో ఆగకుండా చూడటం నా పని.

మా నెట్ లైన్‌లో లోపలికి వచ్చే దారి వెడల్పు, బయటికి పోయే దారి ఇరుకు. సినిమాలు చూసేవాళ్ల కోసం వేసిన లైన్లు అట్లాగే ఉంటాయి. దవాఖానకు కావలసింది తిరగేసిన లైన్. అలాంటిది నల్గొండలో అప్పటికి మా వీధికి రాలేదు. ఈ నల్ల డబ్బా రాకముందు, పాత డబ్బా ఉన్న రోజుల్లో ఒక తల స్కాన్ హైదరాబాద్ చేరడానికి గంట పట్టిన రోజులున్నాయి. స్కాన్ తీసే మేడం నా గది దాకా వచ్చి, "అన్నా, గీ బొమ్మ ఎడ్లబండి మీద పోతుందా?" అని అడిగేది. ఆమె వెటకారం నాకు తగిలేది.

చివరికి పెద్ద డాక్టరును ఒప్పించి, చెప్పిన మాట వినే నెట్ స్విచ్చి ఒకటి తెప్పించాను, ఆ నల్ల డబ్బా అదే. దవాఖాన ఆయనదే. "ఇంత రేటు పెట్టి కొంటున్నం, ఏం చేస్తదయ్యా ఇది?" అని ఆయన అడిగినప్పుడు నేను యూరియా లైన్ సంగతి చెప్పాను. సొసైటీ ముందు రైతులు తమ బదులు చెప్పులు వరుసలో పెట్టి నీడకు పోతారు కదా, మన నెట్‌లో కూడా అందరి సమాచారం అట్లనే వరుసలో నిలబడుతుంది, పాత డబ్బాకు ఏ చెప్పు ఎవరిదో తెలియదు, దీనికి తెలుస్తుంది, స్కాన్ గది చెప్పు ఎప్పుడొచ్చినా ఎత్తి ముందు పెడుతుంది అన్నాను. ఆయన నవ్వి సంతకం పెట్టాడు.

పెట్టిన వారం నేను నేల మీద నడవలేదు. ఏ రంధ్రంలో ఏ గది వైరు ఉందో కాగితం మీద రాసుకున్నాను. నాలుగు వరుసలు చేశాను. మొదటి వరుసలో స్కాన్ గది ఒక్కటే. రెండోదాంట్లో డాక్టర్ల గదులు. మూడోదాంట్లో బిల్లుల కౌంటర్, మందుల షాపు, నర్సుల గది. చివరి వరుసలో కెమెరాలు, నా కంప్యూటర్. ఇంకో మెలిక కూడా ఉంది. బయటికి పోయే వేగాన్ని మన లైన్ మోయగలిగినదానికన్నా జర తక్కువకు కట్టేయాలి. కట్టకపోతే రద్దీ మన స్విచ్చిలో కాకుండా బయట మోడెం దగ్గర పేరుకుంటుంది, అక్కడ మన వరుసలు చెల్లవు. ఇది తెలియక చాలామంది వరుసలు పెట్టి కూడా పని జరగలేదని తల పట్టుకుంటారు. నాకు తెలుసు, కట్టాను. తల స్కాన్ ఐదు నిమిషాల్లో హైదరాబాద్ చేరింది. స్కాన్ మేడం ఆ రోజు నాకు ఒక బత్తాయి ఒలిచి ఇచ్చింది. ఆ కాగితాన్ని అర తలుపుకు లోపలివైపు అంటించుకున్నాను. దాన్ని చూసినప్పుడల్లా నా డిప్లొమా పనికొచ్చింది అనిపించేది.

ఆ కాగితాన్ని పాడు చేసింది కూడా నేనే. ఒక్క రోజులో కాదు, సంవత్సరం పట్టింది.

మొదట అడిగింది పెద్ద డాక్టరే. ఇంటి నుంచి ఫోన్‌లో దవాఖాన కెమెరాలు చూస్తుంటే బొమ్మ ఆగి ఆగి వస్తోందట. "ఏమయ్యా, అన్నిటికన్న వెనక మా కెమెరాలే దొరికినయా నీకు?" అన్నాడు. జీతం ఇచ్చే మనిషి. కెమెరాలను మొదటి వరుసలోకి తెచ్చాను. ఒకే వైరు మీద వచ్చే ముప్పై కెమెరాలూ పగలంతా బయటికి బొమ్మలు పంపుతూనే ఉంటాయని నాకు తెలుసు. రేపో ఎల్లుండో ఆయన మరిచిపోయాక వెనక్కి జరుపుదామనుకున్నాను.

తర్వాత కింద మందుల షాపు ఆయన. ఆయనది మా అమ్మమ్మ ఊరు. వరుస కలిపి చూస్తే బావ అవుతాడు. మా దగ్గర వరుస కలవని మనిషి ఉండడు, రెండు ఊళ్లు అటూ ఇటూ తిప్పితే ఎవరైనా బావో మామో తేలుతారు. ఒక రోజు సీతాఫలాల గంప పట్టుకుని పైకొచ్చాడు. "బామ్మర్దీ, ఆర్డర్లు పోతలేవురా. మందుల్లేకపోతే నీ పేషెంట్లే పరేషానయితరు. నన్నుగూడ జర ముంగట వెట్టు," అన్నాడు. అన్నది అబద్ధమేం కాదు. పెట్టాను. పండ్లు తిన్నాను.

బిల్లుల కౌంటర్ అక్క బీమా కాగితాలు పంపాలి. పేషెంటు ఫొటోలు, రిపోర్టులు, అన్నీ బరువైనవి. సగంలో తెగితే మళ్లీ మొదటి నుంచి. "తమ్మీ, నీకు దండం పెడత," అన్నది. పెద్దావిడ దండం పెడతానంటే ఎట్లా కాదంటాం. ఆమెనూ ముందుకు తెచ్చాను. నర్సుల గదిలో ఒక నర్సమ్మ కూతురు కూర్చుని ఆన్‌లైన్ క్లాసు వినేది. పాప ముఖం టీచరుకు కనిపించడం లేదట, గైర్హాజరు వేస్తోందట. ఆ రంధ్రమూ ముందుకొచ్చింది. డాక్టర్లలో ఒకరికి చేశాక ఇంకొకరికి చేయకపోతే ఊరుకుంటారా. ప్రతిసారీ నా కాగితం మీద పెన్సిల్‌తో ఒక బాణం గీశాను, అన్ని బాణాలూ పైకే.

ఒకనాడు తలుపు తీసి చూసుకుంటే చివరి వరుసలో ఒక్కటే మిగిలింది. అది నా కంప్యూటర్. నాకు గర్వంగా అనిపించింది కూడా. అందరినీ సంతోషపెట్టాను, నేనే వెనక నిలబడ్డాను, ఎంత మంచివాడిని అనుకున్నాను. అందరూ ముందుంటే ముందు అనేదే ఉండదని, ఖరీదైన ఆ స్విచ్చిని పాత డబ్బా చేసి కూర్చున్నానని నాకు తెలియదంటే అబద్ధం. తెలుసు. వచ్చి అడిగిన మనిషి ముఖం మీద కాదు అనే చేవ నాకు లేదు. స్కాన్లు మెల్లగా పోతున్నాయని మేడం మళ్లీ అనడం మొదలుపెట్టింది. లైన్ బాగాలేదు మేడం, కంపెనీకి చెప్పిన అనేవాణ్ని.

నన్ను ఏమీ అడగనిది ఆ దవాఖానలో ఆయమ్మ ఒక్కతే. ఆమెకు కంప్యూటర్ లేదు, రంధ్రం లేదు, వైరు లేదు. పొద్దున తొమ్మిదింటికి చాయ్ ఇచ్చి, "తిన్నవా బిడ్డా?" అని అడిగి పోయేది.

ఆమె పెనిమిటి బత్తాయి మార్కెట్‌లో హమాలీ. మర్రిగూడ దిక్కు ఊరు వాళ్లది. అక్కడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లకు కీళ్లు పట్టేయడం, చెయ్యి మొద్దుబారడం కొత్త కాదు, దాన్ని జబ్బు అని కూడా అనుకోరు. ఆ రోజు ఏడింటికి మొదటి బండి దించుతుంటే ఆయన కుడిచేతిలో గంప నిలవలేదు. కూర్చున్నాడు. పక్కవాళ్లు చేయి నలిచారు, వేడినీళ్లు పోశారు. పదింటికి ఎవరో బీడీ ఇస్తే పెదవుల మధ్య నిలవక జారిపోయింది. ఏమైందే అంటే మాట రాలేదు. అప్పుడు ట్రాలీ ఆటోలో పండుకోబెట్టి మా దవాఖానకు తెచ్చారు. ఆయమ్మ మెట్ల మీద చాయ్ గ్లాసులు కడిగి బోర్లిస్తోంది. ఆటోలో మనిషిని చూసి మొదట గుర్తుపట్టలేదు. మూతి ఒక పక్కకు పోయి ఉంది.

డ్యూటీ డాక్టరు చూడగానే పక్షవాతం అన్నాడు. నరంలో గడ్డ కట్టి ఉంటే కరిగించే ఇంజెక్షన్ ఉంది, మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. ఏడింటికి మొదలైంది కాబట్టి పదకొండున్నర దాకా గడువు. కానీ లోపల గడ్డ కట్టిందో, నరం చిట్లి నెత్తురు కారిందో బొమ్మ చూస్తే తప్ప తెలియదు. నెత్తురు కారుతున్న మనిషికి ఆ ఇంజెక్షన్ ఇస్తే చంపినట్టే. స్కాన్ తీయడం అయ్యేసరికి పదీ నలభై. ఇంజెక్షన్ ఫ్రిజ్ నుంచి తీసి బల్ల మీద పెట్టారు. ఇక హైదరాబాద్ డాక్టరు ఒక్క మాట చెప్పాలి. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. బొమ్మ పోవాలి.

మేడం స్కాన్ గది ల్యాండ్‌లైన్ నుంచి ఫోన్ చేసింది. "అన్నా, జల్ది రా. కదుల్తలేదు."

పోయి చూశాను. తెర మీద గీత వందలో ఆరు దగ్గర ఉంది. చూస్తుండగా ఏడయింది. ఏడు దగ్గరే నిలబడింది. డ్యూటీ డాక్టరు తెరను సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి, బయటికి పోయి పంపాడు. హైదరాబాద్ ఆయన, "ఇందులో అంచున మసకగా ఉన్నది నీడనో నెత్తురో నేను చెప్పలేను, అసలు బొమ్మ పంపండి" అన్నాడు. సెల్‌ఫోన్ నెట్‌తోనైనా కలుపుదామంటే ఆ గది గోడలకు సీసం రేకులున్నాయి, లోపల సిగ్నల్ ఒక్క గీత కూడా రాదు.

ఆయమ్మ స్కాన్ గది బయట నేల మీద కూర్చుని ఉంది. నేను పరుగెత్తుతుంటే చూసింది. ఏమీ అడగలేదు.

ఇప్పుడు నేను చేసినవి వరుసగా చెబుతాను. మొదట నెట్ కంపెనీ వాడికి ఫోన్ చేశాను. లైన్‌దే తప్పని మేడంకు అబద్ధం చెప్పీ చెప్పీ నాకే అలవాటైపోయింది. వాడు లైన్ బాగానే ఉందన్నాడు. వాడితో వాదించాను. ఏడెనిమిది నిమిషాలు పోయాయి.

అప్పుడు నా కంప్యూటర్‌లో స్విచ్చి పేజీ తెరిచాను. పదకొండు కావస్తోంది. దవాఖానలో బయటికి పంపే పనులన్నీ ఆ సమయానికే ఉంటాయి. బీమా కాగితాలు, మందుల ఆర్డర్లు, పాప క్లాసు, ముప్పై కెమెరాలు. అందరూ మొదటి వరుసలోనే, నేను పెట్టిన చోటే ఉన్నారు. స్కాన్ గది వాళ్ల మధ్యలో ఇరుక్కుని ఉంది.

ఆ పేజీలో ఒక్కో రంధ్రం ఎదురుగా దాని వరుస నంబరు ఉండే చిన్న గడి ఉంటుంది. అందులో ఒకటి తీసి నాలుగు పెట్టాలి. ఇరవై గడులు. రెండు నిమిషాల పని. అదీ కాకపోతే అర తలుపు తీసి వైర్లన్నీ పీకేయొచ్చు, అది అర నిమిషం పని. నేను ఫోన్ తీసుకున్నాను. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, చెప్పి, తర్వాత వెనక్కి జరుపుదామని. ఎవరి ముందు పెట్టిన విస్తరినీ చెప్పకుండా లాగకూడదు కదా, అట్లా పెరిగాం. మనిషి చావు బతుకుల్లో ఉంటే నేను మర్యాదలు చేస్తూ కూర్చున్నాను.

నర్సమ్మకు ఫోన్ చేశాను. "అక్కా, పాప క్లాసు పది నిమిషాలు ఆగుతది, ఏమనుకోకు." ఏమనుకోను అన్నది. కౌంటర్ అక్కకు చేశాను. "తమ్మీ, ఒక్క ఐదు నిమిషాలాగు. సగం పోయినయి. ఇప్పుడు తెగితే మళ్ల మొదటి నుంచి పెట్టాలె," అన్నది. నేను ఆగాను. ఐదు నిమిషాలు గడియారం చూస్తూ కూర్చున్నాను. ఆమెకు లోపల ఏం జరుగుతోందో తెలియదు, నేను చెప్పలేదు. చెబితే స్కాన్ ఎందుకు ఆగిందని అడుగుతుందేమోనని. మందుల షాపు బావ ఫోన్ ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, "ఏందిరా బామ్మర్దీ, గిరాకీ టైంల," అని విసుక్కున్నాడు. అతన్ని బతిమాలాను. బతిమాలి వెనక్కి జరిపాను. మేడం ఫోన్. "ఇరవై రెండు. అన్నా, పదకొండు దాటింది."

డాక్టర్లకు చెప్పడానికి రెండు గదులు తిరిగి వచ్చాను. ఇరవై ఎనిమిది.

ఇక కెమెరాలు. దారిలో సగానికి పైగా వాటిదే. ఆ సంగతి మొదటి నిమిషం నుంచీ నాకు తెలుసు. తెలిసే చివరికి పెట్టుకున్నాను. పెద్ద డాక్టరు ఆపరేషన్‌లో ఉన్నాడు, ఆయన ఫోన్ థియేటర్ బయట మనిషి దగ్గర ఉంది. "సారుకు ఒక మాట చెప్పండి, కెమెరాలు కాసేపు ఆపొచ్చా అడగండి," అన్నాను. అతను సరేనన్నాడు. నేను ఫోన్ చెవికి పెట్టుకుని, ఒక చేయి మౌస్ మీద పెట్టుకుని ఎదురుచూశాను. నా చేతికింద ఆ గడి ఉంది. నొక్కితే అయిపోతుంది. నొక్కలేకపోయాను. నెల కింద పార్కింగ్‌లో బైకు పోయినప్పుడు కెమెరా సరిగా లేదని పెద్ద డాక్టరు అందరి ముందు నన్ను నిలబెట్టి అడిగిన మాటలు చెవుల్లో తిరుగుతున్నాయి. ఇద్దరు పిల్లలు, కిరాయి ఇల్లు, ఈ ఉద్యోగం పోతే ఏంటి అని భయం. ఇవన్నీ నిజమే. కింది అంతస్తులో ఒక మనిషి కుడిచేయి చచ్చిపోతున్నదీ నిజమే. నేను నా భయాన్నే ముందు వరుసలో పెట్టుకున్నాను.

మేడం ఫోన్ చేయలేదు. తనే మెట్లెక్కి వచ్చింది. రొప్పుతోంది. ఫోన్ పట్టుకుని కూర్చున్న నన్ను చూసింది.

"ఎవరి కోసం ఆగినవ్?"

"సారు పర్మిషన్..."

"ఆపితే ఏమయితది? ఉరేస్తడా?"

అరవలేదు, మెల్లగానే అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. లేచి, అర తలుపు తీసి, కెమెరాల వైరు పట్టుకుని పీకాను. దాని పక్కది పీకాను. ఇంక ఏది ఎవరిదో చూడకుండా దొరికినవన్నీ పీకాను. స్కాన్ గది వైరు, బయటికి పోయే వైరు రెండే మిగిలాయి. కింద కౌంటర్ దగ్గర, షాపు దగ్గర అరుపులు వినిపించాయి. పరుగెత్తి స్కాన్ గదికి పోయాను. గీత కళ్ల ముందే పాకింది. నలభై, అరవై, ఎనభై. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. వంద.

పదకొండూ ముప్పై ఆరు.

హైదరాబాద్ డాక్టరు చూసి ఫోన్ చేసేసరికి ఇంకో ఎనిమిది నిమిషాలు. గడ్డే, నెత్తురు లేదు అన్నాడు. ఎప్పుడు మొదలైందని మళ్లీ అడిగాడు. ఏడు, అన్నాడు మా డాక్టరు. ఆరున్నరకే చేయి తిమ్మిరిగా ఉందని పేషెంటు చెప్పినట్టు ఒక హమాలీ అంటున్నాడు, అని కూడా చెప్పాడు. హైదరాబాద్ ఆయన టైం లెక్క వేశాడు. గడువు దాటింది, ఇప్పుడు ఇస్తే నెత్తురు కారే ప్రమాదం ఎక్కువ, ఇవ్వొద్దు అన్నాడు. నరంలోకి సన్న తీగ పంపి గడ్డ బయటికి తీయొచ్చేమో అని మా డాక్టరు అడిగాడు. సన్న నరం, అక్కడి దాకా తీగ పోదు అన్నాడు. ఇంజెక్షన్ సీసా మళ్లీ ఫ్రిజ్‌లోకి పోయింది. నేను చూస్తుండగానే నర్సమ్మ దాన్ని తీసుకెళ్లింది.

నేను బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను. బయటికొచ్చేసరికి పెద్ద డాక్టరు ఆపరేషన్ ముగించుకుని నిలబడి ఉన్నాడు. "కెమెరాలెందుకు ఆగినయ్?" అని అడిగాడు. స్విచ్చి రిపేరు సార్ అన్నాను. తల ఊపి పోయాడు. ఆ రోజు గురించి ఆ దవాఖానలో నన్ను ఎవరైనా అడిగిన ప్రశ్న అదొక్కటే. మేడం ఎవరితోనూ అనలేదు. నాతో మాట్లాడటం మాత్రం తగ్గించింది.

ఆమె పెనిమిటి బతికాడు. ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే బాగయ్యేవాడా అంటే, డాక్టర్లు అందరూ ఒక్క మాట చెప్పరు. కొందరికి చేయి తిరిగొస్తుంది, కొందరికి రాదు అంటారు. ఆ వెసులుబాటు పట్టుకుని నేను చాలా రోజులు నన్ను నేను ఊరడించుకోవాలని చూశాను. కుదరలేదు. ఏదో ఒకటి తేలేందుకైనా ఆ మనిషికి అవకాశం దక్కాలి కదా. అది నా గదిలో, నా కాగితం మీద పోయింది.

ఆయమ్మ పన్నెండు రోజుల తర్వాత పనిలోకి వచ్చింది. ఎడమచేత్తో అన్నం తినడం నేర్పుతున్నానని చెప్పింది. మాట రావడం లేదు, కావలసినవి చూపుతో అడుగుతాడట. తర్వాత నా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు వైర్లన్ని గుంజి వడేసి ఉరికినవంట బిడ్డా. అందరు తిడుతున్నా వట్టించుకోలేదంట. నీ పిల్లలు సల్లగుండాలె," అన్నది. బొమ్మ పోబట్టే మనిషి దక్కాడని ఆమె అనుకుంటోంది. బొమ్మ ఏ డబ్బాలోంచి పోయిందో చూపించమన్నది. చూపించాను. కొంగుతో తుడిచింది.

ఆ రోజే నేను కాగితం చింపేసి కొత్తది రాశాను. మొదటి వరుసలో స్కాన్ గది ఒక్కటే. ఎవరికీ ఫోన్ చేయలేదు, ఎవరినీ అడగలేదు. బావ మూడు నెలలు నాతో మాట్లాడలేదు. కౌంటర్ అక్క తమ్మీ అనడం మానేసి పేరు పెట్టి పిలుస్తోంది. పెద్ద డాక్టరు కెమెరాలు మళ్లీ ముందుకు తెమ్మన్నాడు. తెచ్చిన సార్ అన్నాను. తేలేదు. ఇప్పటికీ అవి చివరి వరుసలోనే ఉన్నాయి. నా బతుకులో ఆడినందుకు సిగ్గుపడని అబద్ధం అదొక్కటే.

అయినా పొద్దున తొమ్మిదవుతుందంటే నా గదిలో కూర్చోలేకపోయేవాణ్ని. ఆమె వస్తుంది, తుడుస్తుంది, కళ్లకద్దుకుంటుంది. సెలవు పెట్టి చూశాను. ఆ సమయానికి కింద ఏదో పని ఉన్నట్టు దిగిపోయి చూశాను. తిరిగి వచ్చేసరికి చాయ్ గ్లాసు మీద మూత పెట్టి ఉండేది. చల్లారకూడదని.

ఏడో నెలలో ఒక పొద్దున ఉండబట్టలేక చెప్పేశాను. కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే విన్నది. నేను పాత కాగితం సంగతి మొదలుకుని అన్నీ చెప్పాను. అందరినీ ముందు పెట్టానని, అందుకే మీ ఆయన బొమ్మ ఆగిందని, వైర్లు పీకాల్సినవాణ్ని ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తూ కూర్చున్నానని, పోయింది యాభై నిమిషాలని, ఆ యాభై నిమిషాలూ ఆమె స్కాన్ గది బయట నేల మీదే ఉందని. నన్ను తిడుతుందనుకున్నాను. ఆ గ్లాసు నా ముఖాన కొట్టినా బాగుండుననుకున్నాను.

ఆమె ఆ డబ్బా వైపు చూసింది.

"అయితే వాళ్లందరు ముందుగాలనే అడిగి పెట్టుకున్నరా?"

అవునన్నాను.

"గట్ల అడగాల్నని నాకు తెల్వకపాయె బిడ్డా," అన్నది. "తెలిస్తే నేనుగూడ వచ్చి ఒక మాట చెప్పి పెడుదు. రోజు నీ ముంగటనే ఉంటి గదా. నేనే అడగకపోతి."

తప్పు నీది కాదమ్మా అన్నాను. నాది అన్నాను. అది ఆమెకు వినిపించిందో లేదో తెలియదు. ఖాళీ గ్లాసులు పళ్లెంలో సర్దుకుంది. తలుపు దాకా పోయి, ఇంకా ఏదో మరిచిపోయినట్టు ఆగి, మళ్లీ తనలో తను, "నేనే అడగకపోతి," అనుకుంటూ మెట్లు దిగింది.

మర్నాడూ తొమ్మిదింటికే వచ్చింది. చాయ్ బల్ల మీద పెట్టింది, తిన్నవా అని అడిగింది, గ్లాసులు తీసుకుని వెళ్లింది. అర వైపు చూడలేదు. ఇప్పుడా డబ్బా మీద దుమ్ము నేనే తుడుచుకుంటున్నాను.